సుత్తత్తా, డోరు పట్టేసిన కారూ

ఆ రోజు ఆయన కారు దిగిన తీరు చూసి, కలుపుతున్న రంగు డబ్బా పక్కన పెట్టి మరీ నవ్వాను. డ్రైవరు సీట్లో ఉన్న మనిషి తన వైపు డోరు తీసుకుని దిగాలి కదా. ఈయన అలా దిగలేదు. పక్క సీటు మీదికి ఒక కాలు వేశాడు. గేరు రాడ్డు ప్యాంటు జేబులో దూరింది. విడిపించుకున్నాడు. రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచాడు. చివరికి అవతలి డోరులోంచి ముందు తల, తర్వాత భుజాలు, ఆ తర్వాత చాలాసేపటికి మోకాళ్లు బయటికి వచ్చాయి. మనిషి ఆరడుగుల పైమాటే. అంత పొడుగు మనిషి అంత చిన్న కారులోంచి వస్తుంటే ఎవరో మడత మంచం విప్పుతున్నట్టుంది.

పూర్తిగా నిలబడ్డాక చొక్కా సర్దుకుని, ఏమీ జరగనట్టు మొహం పెట్టి, "ఇక్కడ సొట్టలు తీసే ఆవిడ ఎవరండీ?" అని అడిగాడు.

సొట్టలు తీసే ఆవిడ మా అత్త. మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. అప్పటికి ఆవిడకి యాభై ఒకటి. మా ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా అదే పని. తాతయ్య దగ్గర నేర్చుకుంది, తాతయ్యని మించిపోయింది. అత్త రేకు సరిచేస్తే దాని మీద రంగు కొట్టడం నా పని. మేమిద్దరమే షెడ్డుకి యజమానులం, మేమిద్దరమే కూలీలం.

ఆవిణ్ణి వీధి వీధంతా సుత్తత్త అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. మాటలు నేర్చే వయసులో, చేతిలో సుత్తి లేకుండా అత్తని ఎప్పుడూ చూడలేదు కాబట్టి సుత్తి అత్త అనబోయి సుత్తత్త అన్నానట. అది రెండు విధాలా సరిపోయే పేరని పెద్దయ్యాక అర్థమైంది. అత్త సుత్తి మొదలుపెట్టిందంటే రేకు మీదా పడుతుంది, ఎదుటి మనిషి చెవిలోనూ పడుతుంది. చెయ్యి ఆడుతున్నంతసేపూ నోరు ఆడాల్సిందే. కారు కొన్న రోజు నుంచీ దాని యజమాని ఎక్కడెక్కడ గుద్దాడో సొట్టలు చూసి కథలా చెబుతుంది. వినేవాళ్లు లేకపోతే కారుకే చెబుతుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మాట మధ్యలో అడ్డం రాని మగాడు దొరకలేదమ్మా, దొరికితే ఆ పూటే చేసుకుందును" అని నవ్వేసేది.

ఆయన అడిగేసరికి అత్త ఇంకో కారు కింద ఉంది. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని పని చేస్తుంది. మనుషుల్ని బూట్లని బట్టి, చెప్పులని బట్టి గుర్తుపట్టడం అలవాటు. అక్కణ్ణుంచే, "నల్ల బూట్లు, రబ్బరు అడుగు, పడవలంత ఉన్నాయి. కొత్త మనిషే. ఏం కావాలండీ?" అంది.

"డోరు తెరుచుకోవడం లేదండీ. సర్వీసుకి ఇచ్చాను. ఆయిలు మార్చారు, బ్రేకులు చూశారు. ఇచ్చేటప్పుడు డోరు బాగానే ఉంది. తెచ్చుకునేటప్పుడు కిర్రుమంది. ఇంటికి వెళ్లేసరికి పట్టేసింది."

ఆ రోజు మొత్తం మీద ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అదేనని తర్వాత తెలిసింది.

అత్త ఈ కారు కిందనుంచి ఆ కారు కిందికి పలకతో సహా దొర్లింది. టార్చి వేసింది. "అయ్యో నా తల్లీ, నిన్నెవరే ఇలా చేశారు" అని కారుని పరామర్శించింది. తర్వాత ఆయన్ని వంగమంది. ఆయన వంగాడు. అదో పెద్ద కార్యక్రమం.

"డోరు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడుగ్గా పెట్టెలాంటిది ఉంది చూడండి. దీన్ని మేము రన్నింగ్ బోర్డు అంటాం. దీని అడుగున రెండు రేకులు కలిపి అతికించిన అంచు వేలాడుతోంది కదా. ఆ అంచు మీద ముందొకచోటా వెనకొకచోటా జత గాట్లు ఉంటాయి. ఎత్తేటప్పుడు ఇక్కడ పట్టుకుని ఎత్తండి నాయనా అని కారు చేసినవాడు పెట్టిన గుర్తులవి. అక్కడైతే లోపల దన్నుగా ఇంకో రేకు ఉంటుంది. మీ కారుని ఎత్తినవాడు గాట్లు వదిలేసి జానెడు వెనక్కి పెట్టాడు. బరువంతా ఉత్త రేకు మీద పడింది. అంచు మడతపడింది, పెట్టె లోపలికి నొక్కుకుపోయింది, పైన ఉబ్బి డోరు అడుగుని పట్టేసింది. తెలిసిందా?"

ఆయన తల ఊపాడు. కాసేపు ఆలోచించాడు. "అంటే, ఎత్తకూడని చోట ఎత్తారు."

"ఆ! అంతే."

"నేను లిఫ్టు మెకానిక్కునండీ," అన్నాడు ఆయన.

అత్త మొదలుపెట్టింది. నవ్వు కాదు అది, వరద. "ఊళ్లో వాళ్లందర్నీ వెంట్రుక కదలకుండా ఎత్తి దింపే మనిషి కారుని పట్టుకుని..." అంటూ కాళ్లతో నేలని తన్నింది. కింద చక్రాలున్న సంగతి మరిచిపోయింది. పలక కదిలింది, నవ్వుతున్న మనిషి నవ్వుతున్నట్టే కారు కిందనుంచి జారి, అవతలి గోడ దగ్గరున్న ఖాళీ డబ్బాల్లోకి వెళ్లిపోయింది. డబ్బాల మధ్యనుంచి ఇంకా నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆయన నా వైపు చూశాడు. "దెబ్బ తగిలిందేమో" అన్నాడు కంగారుగా. ఆ తర్వాత ఆయనకి కూడా నవ్వు ఆగలేదు.

ఆ రోజు నుంచీ మాకు ఆయన లిఫ్టాయన.

సర్వీసు సెంటరువాళ్లని అడగకుండా మా దగ్గరికి రాలేదట. అడిగాడట. అక్కడి మేనేజరు, "ఇది ముందునుంచీ ఉందండీ, ఏ రాయో తగిలి ఉంటుంది" అన్నాడట.

"మీరేమన్నారు?" అంది అత్త.

"సరే అన్నాను."

"సరే అన్నారా!" అత్త రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. "నెల తిరగకుండా ఇలాంటి కారు మా షెడ్డుకి రావడం ఇది మూడోసారి. మూడు కార్లూ అక్కడివే. ఊళ్లో రాళ్లన్నీ ఆ సెంటరు కార్ల మీదే పగబట్టాయా? ఉండండి."

విసవిసా మా వంటింట్లోకి వెళ్లింది. అమ్మ అప్పుడే గోధుమపిండి కలిపి మూత పెట్టి అటు తిరిగింది. అత్త పళ్లెంతో సహా పిండి ముద్ద పట్టుకొచ్చేసింది. సగం తుంచి కారు కింద నొక్కుకుపోయిన చోట గట్టిగా అద్ది తీసింది. చూస్తే, పిండి మీద అచ్చు పడింది. గళ్లు గళ్లుగా, ఒక మూల విరిగిపోయి, మధ్యలో నెలవంకలాంటి గాటుతో. సర్వీసు సెంటర్లో కారుని ఎత్తే లిఫ్టుకి ఇనప చేతులుంటాయి, చెయ్యి చివర రబ్బరు దిమ్మ ఉంటుంది, దాని మీదే కారు కూర్చుంటుంది. ఆ దిమ్మ తన వేలిముద్ర కారు అడుగున ఉన్న నల్లటి పూత మీద వదిలేసి వెళ్లింది.

"పదండి," అంది అత్త.

వెళ్లడానికి ఉన్నది ఆ కారే. ముందు లిఫ్టాయన పక్క డోరులోంచి దూరి, గేరు రాడ్డు దాటి, డ్రైవరు సీట్లోకి మడతపడ్డాడు. తర్వాత అత్త పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. వెనక నేను. దారి పొడుగునా అత్త ఆయనకి గాట్ల గురించి మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఆయన ఒక్కచోట కూడా అడ్డం రాలేదు.

సర్వీసు సెంటరు అంతా అద్దాలు, చల్లగాలి. గుమ్మంలో కూర్చున్న అమ్మాయి పళ్లెం చూసి, "లోపలికి తినేవి తేకూడదండీ" అంది.

"ఇది తినేది కాదమ్మా, సాక్షి," అని అత్త ఆగకుండా నడిచింది.

మేనేజరు టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు. అత్త ఆయనకి నమస్కారం పెట్టి, తప్పించుకుని, లిఫ్టుల దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగు లిఫ్టులు, ఒక్కోదానికి నాలుగు చేతులు. అత్త ఒక్కో చేతి దగ్గరా కూర్చుని రబ్బరు దిమ్మని బొటనవేలితో తడిమింది. మొదటి లిఫ్టులో లేదు. రెండో లిఫ్టులో మూడో చెయ్యి దగ్గర ఆగింది. మిగిలిన సగం పిండి తీసి అద్దింది. లేపి పళ్లెంలో మొదటి ముద్ద పక్కన పెట్టింది. అద్దంలో చూసినట్టు అవే గళ్లు. అదే విరిగిన మూల. అదే నెలవంక.

అప్పటికే చుట్టూ జనం చేరారు. కార్ల కోసం సోఫాల్లో ఎదురుచూస్తున్న వాళ్లు కూడా లేచి వచ్చారు. ఒక పెద్దావిడ, "అమ్మా, నా కారు అడుగు కూడా ఒకసారి చూసిపెట్టవూ?" అంది. మేనేజరు ఆ రెండు ముద్దల్నీ కవలపిల్లల్ని చూసినట్టు మార్చి మార్చి చూశాడు.

అప్పుడు వెనకనుంచి ఒకతను ముందుకొచ్చాడు. బొద్దుగా ఉన్నాడు, కొత్త యూనిఫారం ఇంకా మడతలు పోలేదు. మీసాలు సగం నెరిశాయి. "నేనేనండీ ఎత్తింది," అన్నాడు. "ఇదివరకు నేను లారీల దగ్గర చేసేవాణ్ణి. లారీకి ఎక్కడ పెట్టినా లేస్తుంది. కారుకి చోటు చూసి పెట్టాలని నాకెవరూ చెప్పలేదు."

అత్త కోపం ఆ మాటతో ఎటు పోయిందో పోయింది. "అలా నిజం చెప్పావు చూడు, నువ్వు బాగుపడతావు. రా ఇలా," అని పక్కన ఆగి ఉన్న ఒక కారు కిందికి తల పెట్టి, తళతళలాడే ఆ గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. అతను పక్కన పడుకున్నాడు. "మీరు కూడా," అంది మేనేజరుతో. ఆయన అటూ ఇటూ చూశాడు. జనమంతా ఆయన్నే చూస్తున్నారు. టై చొక్కా జేబులో దోపుకుని ఆయనా పడుకున్నాడు. ముగ్గురూ కారు కింద వరసగా. అత్త వేలు పెట్టి చూపిస్తోంది, "ఇదొక గాటు. ఇది దాని జత. వీటి మధ్యన. కారు నేల వదలగానే ఆపు. వంగి చూడు. దిమ్మ సరిగ్గా కూర్చుందా లేదా అని చూశాకే ఇంకా పైకి. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు."

మేనేజరు లేచాక వీపంతా దుమ్ము. "బాగుచేయించే బాధ్యత మాదేనండీ," అన్నాడు లిఫ్టాయనతో. తర్వాత అత్త వైపు తిరిగి, కాస్త నసిగి, "మా వాళ్లందరికీ ఇలా ఒకసారి చెప్పగలరా?" అన్నాడు.

"చెప్పడానికి నాకేం బద్ధకం?" అంది అత్త. నిజమే, చెప్పడానికి ఆవిడకి ఎన్నడూ బద్ధకం లేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. "నా పిండి ఏది?" అంది. అత్త పళ్లెం చూపించింది. నల్లటి జిడ్డుతో రెండు ముద్దలు. అమ్మ వాటినీ అత్తనీ చూసి, "కనీసం పళ్లెమైనా కడిగివ్వు అమ్మాయ్," అంది.

పని మర్నాడు మొదలైంది. సీటు, కార్పెట్టు తీసేసి, అడుగున నల్లటి పూత వేడిచేసి గీకేసింది అత్త. మడతపడ్డ అంచుని బిగింపుల్లో పట్టి, గొలుసు వేసి, కొంచెం కొంచెంగా కిందికి లాగింది. ఒకేసారి లాగితే రేకు చిరుగుతుంది. లాగడం, ఆపడం, చుట్టూ సుత్తితో మెత్తగా తట్టడం, మళ్లీ లాగడం. పెట్టె మూసేసి ఉంటుంది కాబట్టి లోపలినుంచి కొట్టడానికి చెయ్యి దూరదు. అందుకని సొట్ట మీద వరసగా సన్నటి మేకులు వెల్డింగుతో అంటించి, వాటిని పట్టుకుని బయటికి లాగాలి. పని అయ్యాక మేకులు తెంపి, ఆ చోట్లు రుద్దేయాలి.

లిఫ్టాయన రోజూ పని దిగగానే వచ్చేవాడు. చూడొచ్చా అని మొదటి రోజు అడిగాడు. రెండో రోజు అడగకుండానే టార్చి పట్టుకున్నాడు. అత్త చెబుతూనే ఉండేది. తాతయ్య గురించి, మొదటిసారి తను పాడుచేసిన బానెట్టు గురించి, ఎదుటి టైలరు స్కూటరు నేర్చుకుని తన కొట్లోకే దూసుకెళ్లడం గురించి. ఆయన వింటూనే ఉండేవాడు. వింటున్నట్టు నటించడం కాదు. "బానెట్టుకి తర్వాత ఏమైంది?" అని మర్నాడు వచ్చి అడిగేవాడు.

మూడో రోజు సాయంత్రం, అత్త సుత్తి ఎత్తి, ఆగి, వేళ్లతో రేకుని తడుముతుంటే ఆయన అన్నాడు: "మీరు కొట్టే ముందు ప్రతిసారీ కళ్లు మూసుకుని తడుముతారు. నేను కూడా లిఫ్టు తాళ్లని అలాగే చూస్తాను. ఇనప తాడులో ఒక్క పోగు తెగినా కంటికి కనబడదు. చేతికి తెలుస్తుంది."

అత్త ఏదో అనబోయింది. అనలేదు. ఆ తర్వాత సుత్తి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కాసేపటికి ఎదుటి టైలరు మెడలో టేపుతో రోడ్డు దాటి వచ్చాడు. "ఏమైందండీ, సుత్తత్తకి ఒంట్లో బాగాలేదా? మాట వినబడటం లేదు."

అదే రోజుల్లో ఇంకోటి జరిగింది. మా నాన్న బస్సు నడిపి రిటైరైన మనిషి. బ్రేకులు తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయంటాడు. ఆయన గుమ్మం మెట్టు ఎక్కలేక ఆగడం లిఫ్టాయన చూసినట్టున్నాడు. మర్నాడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. లోపల తను వేసుకునే లాంటివే, అదే సైజువి, నల్ల బూట్లు, మందపాటి రబ్బరు అడుగు. "రోజంతా నిలబడే పని మాది. ఇవైతే మోకాళ్లకి హాయండీ," అన్నాడు. నాన్న వాటిని వేసుకుని ఇల్లంతా తిరిగాడు. పడుకునేటప్పుడు తప్ప విప్పడం మానేశాడు.

అయిదో రోజుకి నా పని కూడా అయిపోయింది. రంగు కలిసిపోయింది, అడుగున రాళ్లకి తట్టుకునే పూత వేశాను, తుప్పు పట్టకుండా పెట్టెలో మైనం కొట్టాను. అత్త డోరు తెరిచి వదిలింది. టప్ మని మెత్తగా పడింది. లిఫ్టాయన తెరిచాడు, వేశాడు. మళ్లీ తెరిచాడు, వేశాడు. పదకొండుసార్లు. నేనే లెక్కపెట్టాను. తర్వాత డ్రైవరు వైపునుంచి దర్జాగా ఎక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చాడు.

"ఏమైంది?" అంది అత్త.

"ఏం కాలేదండీ. డోరు బాగానే ఉందని చెప్పడానికి వచ్చాను."

ఆ మర్నాడు, "ఇవాళ కూడా బాగానే ఉంది."

నాలుగో రోజు నాన్న నాతో గుసగుసగా, "ఈయన డోరు బాగుండటం చూస్తే నాకు భయంగా ఉందే," అన్నాడు. అమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త మాత్రం మధ్యాహ్నం నాలుగింటికే మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. సొట్టలు తీసే పనిలో మొహం నాలుగింటికి కడిగితే అయిదింటికి మళ్లీ నల్లబడుతుంది. అయినా కడిగేది.

వారం తిరిగాక లిఫ్టాయన గొంతు సవరించుకుని, "మీరు ఎప్పుడైనా పైకి వెళ్లారా?" అన్నాడు.

"అప్పుడే నన్ను పైకి పంపించేస్తారా ఏంటండీ!" అంది అత్త.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదు, అది కాదు. మేడ పైకి. ఇరవై నాలుగు అంతస్తుల బిల్డింగు ఒకటి ఉంది, లిఫ్టులు నావే. అంటే నేను చూసుకునేవి. ఆదివారం పొద్దున్న..."

అత్త జీవితంలో రెండో అంతస్తు దాటి ఎక్కలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక, "మా కోడలు కూడా వస్తుంది," అంది. మేనకోడల్ని కాబట్టి వెళ్లాను.

లిఫ్టు తలుపులు మూసుకునేసరికి అత్త మాట్లాడుతోంది. ఆరో అంతస్తు దాకా మాట్లాడింది. పదో అంతస్తులో చెవులు మూసుకుపోయి, "ఆ? ఆ?" అంది తనని తనే. పదహారో అంతస్తులో లిఫ్టాయన చొక్కా చెయ్యి పట్టుకుంది. నేను పైన వెలుగుతున్న అంకెలు చూస్తూ నిలబడ్డాను. ఇరవై నాలుగు దాకా అలా అంకెలే చూశాను, మెడ నొప్పి పుట్టింది.

డాబా మీద గాలి. అత్త పిట్టగోడ దగ్గరికి అంగుళం అంగుళం నడిచి కిందికి తొంగిచూసింది. "అమ్మో! కార్ల టాపులు! ఇలా ఉంటాయా పైనుంచి!" అని కేక పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ కార్లని చూసింది కిందినుంచే. "అదిగో, ఆ తెల్ల కారు డిక్కీ మీద సొట్ట!" అంది. అంత ఎత్తునుంచి సొట్ట కాదు కదా, అది కారో బస్సో నాకు తెలియలేదు. లిఫ్టాయన మాత్రం కళ్లు చిట్లించి చూసి, "ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సంగతి మొత్తం అర్థమైపోయింది.

అత్త తల తిరుగుతోందని గచ్చు మీద చతికిలబడి, ఎందుకో తెలియకుండా నవ్వడం మొదలుపెట్టింది. ఆయనా పక్కన కూర్చుని నవ్వాడు. తర్వాత కిందికి దిగాం. తలుపు తెరుచుకోగానే అత్త, "ఇంకోసారి" అంది. అలా అయిదుసార్లు ఎక్కాం, అయిదుసార్లు దిగాం. వాచ్‌మన్ లేచి నిలబడి, "లిఫ్టుకి ఏమైనా ప్రాబ్లమా సార్?" అన్నాడు. "లేదు, చాలా బాగా పనిచేస్తోంది," అన్నాడు లిఫ్టాయన.

ఇక బుధవారం సంగతి. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు ఊపిరాడదు.

అత్త ఒక జీపు కింద ఉంది. నేను ప్లాస్టిక్ పరదాల వెనక, మొహానికి మాస్కు కట్టుకుని ఒక బానెట్టుకి ఆఖరి కోటింగు కొడుతున్నాను. ఆ పని మధ్యలో ఆపితే రంగు కారిపోతుంది, ఆపకూడదు. అప్పుడు ఒక జత నల్ల బూట్లు, రబ్బరు అడుగువి, వచ్చి జీపు పక్కన ఆగాయి. పరదాలోంచి నాకు మనిషి కనబడుతున్నాడు. అత్తకి బూట్లే కనబడుతున్నాయి.

"వచ్చారా?" అంది అత్త జీపు కిందనుంచి. "అక్కడే ఉండండి. వంగి చూడకండి. మీ మొహం చూస్తే చెప్పలేను, కాళ్లయితే ఫర్వాలేదు. మాట్లాడకండి, ముందు నన్ను చెప్పనివ్వండి. ఆదివారం నుంచీ నేను నేల మీద లేను. నిద్రలో కూడా లిఫ్టు ఎక్కుతున్నాను. మీరు రోజూ వచ్చి డోరు బాగానే ఉందంటున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎన్నాళ్లని డోరు గురించి మాట్లాడుకుంటాం చెప్పండి? నాకు యాభై ఒకటి. మీకు యాభై ఆరు. నాకు మాట్లాడటం తప్ప రాదు, మీకు వినడం బాగా వచ్చు. రోజూ ఇంత దూరం వచ్చి వినే బదులు ఒకే ఇంట్లో ఉండి వినొచ్చు కదా? పెట్రోలు కలిసొస్తుంది. ఇదిగో, చెప్పేశాను. ఏమంటారు?"

బూట్లు అటొక అడుగు ఇటొక అడుగు వేశాయి. నేను మాస్కులోంచి "అత్తా! అత్తా!" అని అరుస్తున్నాను, అది "ఊఁ! ఊఁ!" అని వినిపిస్తోంది.

"నాకేం అభ్యంతరం లేదు చెల్లాయ్," అంది బూట్ల పైనున్న గొంతు. "కానీ నేను ఇప్పటికే ఈ ఇంట్లోనే ఉంటున్నాను కదే."

జీపు కింద స్పానరు పడిన చప్పుడు. తర్వాత చాలా సన్నగా, "అన్నయ్యా?" అని.

నాన్న జీపు పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు, ఆ మోకాళ్లతోనే. నవ్వులో నేను స్ప్రేగన్ను ఒకేచోట ఉంచేసరికి బానెట్టు మీద రంగు ధారలు కట్టింది. ఆ బానెట్టు మొత్తం రుద్దేసి మళ్లీ కొట్టాల్సి వచ్చింది. అత్త బయటికి రానంది. "నన్నిక్కడే ఉండనీ. అన్నం కిందికే పంపించండి," అంది.

"నువ్వు కదలకు, నేను చూసుకుంటా," అని నాన్న వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. అయిదింటికి అలవాటుగా లిఫ్టాయన వచ్చాడు. నాన్న ఎన్నడూ లేనంత గంభీరంగా, "చూడండి, మా చెల్లెలు మీతో ఒక మాట చెప్పాలనుకుంది. పొరపాటున నాకు చెప్పింది. నేను సరే అన్నాను. ఇంక మీరు కూడా అంటే సరిపోతుంది," అన్నాడు.

లిఫ్టాయన నాన్న మొహం చూశాడు. నాన్న బూట్లు చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. జీపు కిందనుంచి బయటికి కనబడుతున్న అత్త పాదాలు చూశాడు. చేతిలో పనిముట్ల సంచి కింద పెట్టి, నేల మీద వెల్లకిలా పడుకుని, పాకుతూ జీపు కిందికి వెళ్లిపోయాడు. అంత మనిషి ఎంత వెళ్లినా మోకాళ్ల కింది భాగం బయటే ఉండిపోయింది.

మేం ముగ్గురం, అమ్మా నాన్నా నేనూ, ఆ రెండు జతల కాళ్లనీ చూస్తూ నిలబడ్డాం. అత్త గొంతు వస్తుందనుకున్నాం. రాలేదు. వచ్చింది ఆయన గొంతు. మాటలు సరిగ్గా తెలియడం లేదు కానీ ఆగకుండా వస్తోంది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆయనే మాట్లాడాడు. అత్త ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఏం చెప్పాడో ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ బయటపెట్టలేదు. నాన్న ఎన్ని రకాలుగా కూపీ లాగినా లాభం లేకపోయింది. చివరికి అత్త నవ్వు వినిపించింది. జీపు ఊగింది.

తర్వాతి నెల రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకున్నారు. ఆఫీసు అయిదో అంతస్తులో. లిఫ్టు పాడైంది. నాన్న మోకాళ్లు చూసి పెళ్లికొడుకు కొత్త చొక్కా చేతులు మడిచి, కింద లిఫ్టు పక్కనున్న స్విచ్చుల పెట్టె తెరిచి, అత్త జడపిన్ను ఒకటి అడిగి తీసుకుని పనిలోకి దిగాడు. పావుగంట పట్టింది. సంతకాలు పెడుతుంటే కాగితం మీద గ్రీజు వేలిముద్రలు పడ్డాయి. రిజిస్ట్రారు ఏమీ అనలేదు, ఆయన కూడా నెల రోజులుగా మెట్లెక్కుతున్న మనిషే. సాక్షి సంతకం పెట్టిన వాళ్లలో ఒకాయన సర్వీసు సెంటరు మేనేజరు. ఆ నెరిసిన మీసాలాయన కూడా వచ్చాడు, ఒక బిందెడు పూలు మోసుకుంటూ.

అత్త ఇప్పుడు మంగళవారం మంగళవారం ఆ సెంటరుకి వెళ్లి కొత్తగా చేరిన వాళ్లకి పాఠం చెబుతుంది. వాళ్లందర్నీ గచ్చు మీద పడుకోబెడుతుందట. అక్కణ్ణుంచి నొక్కుకుపోయిన కారు మాకు ఒక్కటి కూడా రాలేదు. వేరే చోట్లనుంచి మాత్రం వస్తూనే ఉన్నాయి. మొన్న ఒక డాక్టరమ్మ కారు వచ్చింది, రెండు వైపులా నొక్కేశారు. ఆవిడ హడావిడిగా వాచీ చూసుకుంటూ, "ఎంత టైము పడుతుందండీ?" అని అడిగింది.

"నాలుగు రోజులు," అంది అత్త కారు కిందనుంచి.

"అయిదు," అన్నాడు మామయ్య, టార్చి పట్టుకుని, పక్కనుంచి.

డాక్టరమ్మ అయోమయంగా నా వైపు చూసింది. నేను వారం అని చెప్పి రాసిచ్చాను. వాళ్లిద్దరూ కారు కిందికి వెళ్లాక ఎప్పుడు బయటికి వస్తారో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?